డెబ్బై ఒకటవ ఏట గిటారు

మొన్న ఒక వివాహ వేదిక వద్ద నాతో ఒకప్పుడు జిల్లా ఆసుపత్రిలో పనిచేసిన శస్త్రవైద్యుడు కలిశారు. ఆప్యాయంగా నా రెండు చేతులూ పట్టుకొని, ఎడమచేతి వేళ్ళను తడిమి చూసి, "ఏమిటి గురువుగారూ, పదవీ విరమణ తరువాత తాపీపని మొదలుపెట్టారా?" అని అడిగారు. ఎడమచేతి చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలి కొనలపై చర్మం కాయలు కాచి గట్టిపడి ఉంది. గిటారు నేర్చుకుంటున్నానని చెప్పాను. ఆయన నవ్వి, అది హాస్యం కాదని నా ముఖం చూసి గ్రహించి, "ఎందుకూ?" అన్నారు. భోజనాల పిలుపు రావడంతో ఆ ప్రశ్నకు సమాధానం అక్కడ చెప్పడం కుదరలేదు.

ఈ పుటలలో సాధారణంగా వ్యాధుల గురించీ, వాటి నివారణ గురించీ రాస్తుంటాను. ఈ వ్యాసంలోనూ ఒక వ్యాధి ఉంది, దానికి చికిత్స కూడా ఉంది. కాని రోగి నేనే. అందువల్ల కథ కొంచెం వెనుక నుంచి మొదలుపెట్టాలి.

1974లో నేను విశాఖపట్నంలో హౌస్ సర్జనుగా ఉన్నాను. మా కుటుంబం విజయనగరంలో ఉండేది. నా తమ్ముడు, నాకంటే మూడేళ్ళు చిన్నవాడు, అక్కడే డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఒకరోజు మా నాన్నగారి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. తమ్ముడు ఉపకార వేతనపు డబ్బుతో గిటారు కొన్నాడనీ, రాత్రిళ్ళు మేడమీద గదిలో తలుపు వేసుకొని దానిని గీకుతున్నాడనీ, నేను వచ్చి బుద్ధి చెప్పాలనీ ఆ ఉత్తరంలోని సారాంశం. ఆదివారం వెళ్ళి చెప్పాను. పెద్దన్నయ్యగా, కాబోయే డాక్టరుగా నాకప్పుడు సందేహాలు తక్కువ. చదువు పాడవుతుందన్నాను. సినిమా వాద్యబృందాలలో చేరతావా అన్నాను. మన సంప్రదాయంలో లేని వాయిద్యం మనకెందుకన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. మరుసటి రోజు ఇద్దరం బస్సులో విశాఖ వెళ్ళి, కొన్న దుకాణంలోనే దానిని తిరిగి ఇచ్చేశాము. 140 రూపాయలకు కొన్నదానికి దుకాణదారు 90 ఇచ్చాడు. తక్కువైన 50 రూపాయలను నా భత్యం నుంచి తీసి తమ్ముడి జేబులో పెట్టాను. చాలా ఉదారంగా ప్రవర్తించానని ఆనాడు నా అభిప్రాయం.

మన సంప్రదాయంలో లేని వాయిద్యం అన్న మాట నేను విజయనగరంలో నిలబడి అన్నాను! 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా సంగీత కళాశాల వెలసిన ఊరు అది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడే ఆచార్యులుగానూ, ఆ తరువాత అధ్యక్షులుగానూ ఉన్నారు. ఆయన చేతిలోని ఫిడేలు ఐరోపా నుంచి ఓడలెక్కి వచ్చినదే. ఫిడేలును పరాయిదని ఆ ఊరిలో ఎవరైనా అంటే నవ్వుతారు. మరి గిటారు చేసిన పాపమేమిటో ఆనాడు నన్నెవరూ అడగలేదు, నాకూ తోచలేదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు పసితనంలోనే మాండొలిన్‌ను కర్ణాటక సంగీతపు వేదిక ఎక్కించి లోకాన్ని ఆశ్చర్యపరచింది ఆ తరువాతి దశాబ్దంలో.

తమ్ముడు డిగ్రీ పూర్తిచేసి, బ్యాంకు ఉద్యోగం సంపాదించి, నాలుగు జిల్లాలు తిరిగి, పదవీ విరమణ చేశాడు. మేమిద్దరం వారానికి ఒకసారైనా మాట్లాడుకొనేవాళ్ళం. అతని రక్తపోటు మాత్రలు రాసింది నేనే. కొవ్వుల పరీక్షలు చూసిందీ నేనే. అయినా నాలుగేళ్ళ క్రిందట ఒక జనవరి రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయింది. పన్నెండవ రోజు కర్మ ముగిసిన తరువాత, వాడి గదిలో బీరువాకూ గోడకూ మధ్య నల్లని సంచిలో నిలబెట్టిన వస్తువును చూసి ఇదేమిటని మరదలిని అడిగాను. ఆమె కొంచెంసేపు మౌనంగా ఉండి, "గిటారు బావగారూ. రెండేళ్ళ నుంచి నేర్చుకుంటున్నారు. మీరేమంటారోనని మీకు చెప్పొద్దన్నారు" అన్నది.

అరవై అయిదేళ్ళ మనిషి, మనుమలున్న మనిషి.

బయలుదేరేటప్పుడు ఆ సంచిని ఆమే తెచ్చి నా కారులో పెట్టింది. తన దగ్గర ఉంటే చూడలేనన్నది. సంచి పక్క అరలో వంద పుటల రూళ్ళ నోటుపుస్తకం ఒకటి ఉంది. దానిని ఇంటికి వచ్చాకనే తెరిచాను. తేదీ, ఎన్ని నిమిషాలు, ఏమి సాధన చేశాడు, ఎక్కడ తప్పాడు. బ్యాంకు లెడ్జరు రాసినంత శుభ్రంగా రాసుకున్నాడు. గురువు లేడు. ఫోనులో దృశ్యపాఠాలు చూసి, మధ్యాహ్నం మరదలు నిద్రపోయే వేళ గంటసేపు సాధన. చివరి పుటలో చివరి వాక్యం: "ఎఫ్ — ఆరింటిలో మూడే పలికాయి."

ఆ వాక్యానికి అర్థం నాకు అప్పుడు తెలియదు. ఏడాదికి పైగా ఆ గిటారు మా ఇంట్లో అటక మీద ఉంది.

నాకు 71 ఏళ్ళు నిండిన నెలలో దానిని క్రిందికి దింపించాను. మా వీధిలో ఇంజనీరింగు చదివే అబ్బాయి ఒకడు పిల్లలకు గిటారు నేర్పుతుంటాడు. ఇరవై రెండేళ్ళు. వారానికి రెండుసార్లు వచ్చి నేర్పమని అడిగితే, "మనవడికా సార్?" అన్నాడు. నాకే అన్నాను. మొదటిరోజు వచ్చి, గిటారును చేతిలోకి తీసుకొని, రెండు తీగలు మీటి, దానిని కంటికి సమాంతరంగా ఎత్తి తుపాకి గురిచూసినట్లు చూసి, జేబులోనుంచి చిన్న స్కేలు తీశాడు. "సార్, దీని మీద ఇంతకుముందు ఎవరు నేర్చుకున్నారు? పాపం" అన్నాడు.

పన్నెండవ మెట్టు తీగ పొడవుకు సరిగ్గా సగం దగ్గర ఉంటుంది. అక్కడ లావు తీగకూ మెట్టుకూ మధ్య ఎడం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే వేలితో అదమడం సులభం. తమ్ముడి గిటారులో అది నాలుగు దాటి ఉంది. ప్రతి స్వరానికీ తీగను అంత లోతుకు నొక్కాలి. పైగా బిగించినవి లావు ఉక్కు తీగలు. కొత్తవారికి అటువంటి గిటారు ఇవ్వడం, నడక నేర్చే పిల్లవాడికి ఇటుకల బూట్లు తొడగడం వంటిదని ఆ అబ్బాయి అన్నాడు. మరుసటి వారం మరమ్మతు దుకాణానికి తీసుకుపోయి, తీగలు ఆనే ఎముక పట్టీని అడుగుభాగాన అరగదీయించి, సన్నని తీగలు వేయించి తెచ్చాడు. ఖర్చు వెయ్యి రూపాయలు కూడా కాలేదు.

ఒక్క సంగతి నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. తమ్ముడికి ఎఫ్ రాకపోవడానికి సగం కారణం అతని వేళ్ళు కావు. ఎవరైనా తెలిసినవాడు ఒకసారి చూసి ఉంటే రెండు నిమిషాలలో కనిపెట్టేవాడు. చూపించడానికి వీలు లేకుండా దాచుకొని నేర్చుకున్నాడు.

కొత్తగా నేర్చుకోదలచిన పెద్దవారికి నేను ముందుగా చెప్పేది ఇదే. గిటారు ఖరీదు ముఖ్యం కాదు. తీగల ఎత్తును తెలిసినవారితో సరిచేయించుకోండి. వేళ్ళు సున్నితమైనవారు, కీళ్ళవాతం ఉన్నవారు నైలాను తీగల గిటారు కొనుక్కోవడం మేలు. దాని మెడ కొంచెం వెడల్పు. తీగలు మాత్రం మెత్తగా ఉంటాయి. ఉక్కు తీగల కోసం చేసిన గిటారుకు నైలాను తీగలు వేసినా, దీనికి అవి వేసినా ప్రయోజనం లేదు. నైలాను గిటారుకు ఉక్కు తీగలు బిగిస్తే ఆ లాగుడుకు పలకే వంగిపోవచ్చు.

వీణ చూసినవారికి గిటారు మెడ పూర్తిగా కొత్తది కాదు. వీణకు మైనంలో నిలిపిన 24 మెట్లు ఉంటాయి, రెండు స్థాయిలు. గిటారులో కూడా స్థాయికి పన్నెండే మెట్లు. కర్రలో దిగగొట్టిన లోహపు కడ్డీలు. తేడా ఎక్కడంటే, వీణపై మనం ప్రధానంగా ఒక స్వరం వెంట మరొక స్వరాన్ని పలికిస్తాము, గిటారుపై కొత్తవాడు మొదట నేర్చేది అనేక స్వరాలను ఒకేసారి మోగించే కార్డు. ఈ మైనరు అనే కార్డుకు రెండు వేళ్ళు చాలు. అయిదవ, నాలుగవ తీగలపై రెండవ మెట్టు దగ్గర. నా మొదటి పాఠం అదే. రెండు వేళ్ళు పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. మీటితే గుడ్డలో చుట్టిన గరిటెతో గిన్నె కొట్టిన చప్పుడు వచ్చింది.

వేలిని మెట్టు మీద కాదు, మెట్టుకు ఆనుకొని వెనుకవైపు ఉంచాలి. రెండు మెట్ల మధ్య జాగాలో ఎక్కడో నొక్కితే రెట్టింపు బలం కావాలి. ఈ ఒక్కటి తెలియక చాలామంది వేళ్ళు నొప్పి పుట్టి మానేస్తారు. నేను ఇంకొక తప్పు చేశాను: మెడను బొటనవేలికీ వేళ్ళకూ మధ్య పట్టకారులా బిగించాను. "సార్, గిటారును ఎవరూ లాక్కుపోరు. అంత గట్టిగా పట్టుకోకండి" అని ఆ అబ్బాయి మొదటి నెలలో కనీసం ముప్పైసార్లు అని ఉంటాడు. తరువాత ఒక ఉపాయం నేర్పాడు. తీగపై వేలిని ఊరకే ఆనించి మీటుతూ, కొంచెం కొంచెంగా అదుముతూ, స్వరం స్పష్టంగా పలికిన క్షణంలో ఆగాలి. అంతే బలం చాలు. నేను పెడుతున్నది దానికి మూడింతలని తేలింది.

చేతిని వేల సార్లు పరీక్షించినవాడిని నేను. శరీర నిర్మాణ శాస్త్రంలో ముంజేయిని చీల్చి ప్రతి కండరాన్నీ దారం కట్టి గుర్తించినవాడిని. అయినా ఉంగరపు వేలు ఇంత సోమరిదని గిటారు పట్టే వరకు అనుభవంలోకి రాలేదు. మీరు ఇప్పుడే పరీక్షించుకోవచ్చు. అరచేతిని బల్లపై బోర్లించి, మధ్యవేలిని మాత్రం లోపలికి మడిచి ఉంచండి. చూపుడు వేలు లేస్తుంది, చిటికెన వేలు లేస్తుంది. ఉంగరపు వేలు లేవదు. వేళ్ళను ఎత్తే కండరం ముంజేతిలో ఉంటుంది. దాని నుంచి నాలుగు వేళ్ళకూ వచ్చే స్నాయువులు చేతి వెనుకభాగంలో అడ్డపట్టీలతో ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఉంగరపు వేలు ఇరుగుపొరుగుల అనుమతి లేకుండా కదలలేదు. కాబట్టి అది కదలలేదని కోపగించుకోవడం వృథా. చేతిని కొంచెం తిప్పి, మోచేతిని శరీరానికి దగ్గరగానో దూరంగానో జరిపి దానికి దారి ఇవ్వాలి.

వేలికొనల నొప్పి మొదటి మూడు వారాలు ఉంటుంది. మంచుగడ్డలూ, స్పిరిటూ, ఇంకేవేవో పూసి చర్మాన్ని త్వరగా గట్టిపరచే చిట్కాలు చెబుతారు. వాటి జోలికి పోవద్దు. పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు వాయిస్తే చర్మం తనంతట తానే మందమవుతుంది. పొక్కు లేస్తే అది మానేవరకు ఆగాలి. ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు. నాకు ఇరవై రెండేళ్ళుగా మధుమేహం ఉంది. నేను రోజూ రక్తంలో చక్కెర చూసుకొనేది ఎడమచేతి వేళ్ళతోనే. కాయలు కాచిన చోట సూది దిగలేదు. దిగిన రోజున ఆ గాయంతో తీగ అదమడం సాధ్యం కాలేదు. అప్పటినుంచి పరీక్షలకు కుడిచేతి వేళ్ళు, అదీ కొనల మీద కాక ప్రక్కల వాడుతున్నాను. ఇంత చిన్న సంగతి ఏ వైద్యగ్రంథంలోనూ నేను చదవలేదు.

ఇక నా వ్యాధి.

నాలుగు నెలలు గడిచాయి. మూడు కార్డులు వచ్చాయి. వచ్చేసరికి ఆశ పెరిగింది. పదిహేను నిమిషాలు నలభై అయ్యాయి, నలభై కొన్ని రోజులు గంట దాటాయి. తమ్ముడి నోటుపుస్తకంలోని తేదీలతో నా తేదీలను పోల్చుకొనే అలవాటు పడింది. వాడికి ఆరు నెలలు పట్టిన పాఠం నాకు నాలుగింటిలో వచ్చిందని ఒకనాడు సంతోషించాను కూడా. దానికి సిగ్గుపడుతున్నాను.

ఒక రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చింది. ఎడమచేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు చీమలు పాకినట్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. చేతిని గట్టిగా విదిలిస్తే కొంచెం తగ్గింది. మరునాడు మళ్ళీ. వారం తిరిగేసరికి కాఫీ కప్పు పట్టుకొంటే అది ఉన్నదీ లేనిదీ తెలియని మొద్దుబారుదనం. నేను ఏమి చేశానో నిజాయితీగా చెబుతాను. నా రోగులు ఏమి చేస్తే కోప్పడేవాడినో అదే చేశాను. నొప్పి లేపనం రాసుకొన్నాను. విటమిను మాత్రలు మింగాను. సాధన ఆపలేదు. ఎవరికీ చెప్పలేదు.

లోపల ఉన్న భయం వేరు. మధుమేహం నా నరాలను పట్టుకొన్నదని అనుకొన్నాను. ఇరవై రెండేళ్ళ తరువాత అది రావడం వింత కాదు. వేళ్ళలో స్పర్శ పోతే గిటారు సంగతి అలా ఉంచి, చొక్కా బొత్తాం పెట్టుకోలేను. మూడు వారాలు ఈ భయంతో గడిపాను. చివరికి నా భార్య, రాత్రిళ్ళు లేచి చేయి విదుల్చుకుంటున్న నన్ను గమనించి, "ఏమండీ, ఇదే వేరెవరైనా వచ్చి చెబితే మీరేం పరీక్షలు చేస్తారు?" అని అడిగింది.

వేరెవరైనా వచ్చి చెబితే నాకు అయిదు నిమిషాలు చాలు. మధుమేహపు నాడీవ్యాధి సాధారణంగా కాలివేళ్ళలో మొదలవుతుంది. రెండు కాళ్ళకూ వస్తుంది. మేజోడు తొడిగినట్లు పైకి పాకుతుంది. నా కాళ్ళు చక్కగా ఉన్నాయి. ఒకే చేతిలో, అదీ బొటనవేలు మొదలు ఉంగరపు వేలి సగం వరకు తిమ్మిరి ఉండి, చిటికెన వేలికి ఏమీ లేకపోతే, రాత్రిళ్ళు ఎక్కువై, విదిలిస్తే తగ్గితే, అది మణికట్టు దగ్గర మధ్యనాడి నొక్కుకొనడం. వైద్యవిద్యార్థి కూడా చెప్పగలడు. దీనినే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు.

మణికట్టు ముందుభాగంలో ఎముకలు అడుగుగా, దృఢమైన పట్టీ పైకప్పుగా ఇరుకైన సొరంగం ఒకటి ఉంటుంది. అందులోనుంచి వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటితో పాటు మధ్యనాడీ వెళతాయి. స్నాయువుల పొరలు వాచినా, మణికట్టు చాలాసేపు వంగి ఉన్నా ఆ పదింటిలో అన్నింటికంటే మెత్తనిదైన నాడి నలుగుతుంది. గర్భిణులలో, థైరాయిడు తక్కువైనవారిలో, కీళ్ళవాతం ఉన్నవారిలో, మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. మధుమేహం ఉన్నవారికి వేలు ముడిచి తెరిచేటప్పుడు టక్కున పట్టుకొనే ట్రిగర్ ఫింగర్ కూడా ఎక్కువే.

నా దగ్గర ఒకప్పుడు హౌస్ సర్జనుగా పనిచేసిన నరాల వైద్యురాలి దగ్గరకు వెళ్ళాను. ఆమె నా రెండు మణికట్లను ముందుకు వంచి, చేతుల వెనుకభాగాలను ఒకదానికొకటి ఆనించి ఒక నిమిషం ఉంచమంది. అమెరికను శస్త్రవైద్యుడు జార్జి ఫేలన్ పేరిట ఉన్న పరీక్ష అది. నలభై సెకన్లలోనే ఎడమచేతిలో తిమ్మిరి మొదలైంది. "సార్, గిటారు ఎలా పట్టుకుంటారో చూపించండి" అన్నది. కుర్చీలో కూర్చొని, లేని గిటారును తొడమీద పెట్టుకొని చూపించాను. మెడ క్రిందికి వాలి ఉంది. దానిని అందుకోవడానికి నా ఎడమ మణికట్టు పూర్తిగా లోపలికి మడిచి ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకొని నవ్వాము. రోజుకు గంటసేపు నామీద నేను ఫేలన్ పరీక్ష చేసుకొంటున్నాను.

నాడీ వాహకత పరీక్షలో ఒత్తిడి స్వల్పమని తేలింది. బొటనవేలి మొదట ఉండే కండ క్షీణించలేదు; క్షీణిస్తే శస్త్రచికిత్స గురించి ఆలోచించవలసి వచ్చేది. థైరాయిడు సరిగానే ఉంది. చికిత్స ఏమిటంటే, ఆరువారాల పాటు రాత్రిళ్ళు మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ, అన్ని రోజులూ గిటారు బంద్. తగ్గకపోతే సొరంగంలోకి స్టీరాయిడు సూదిమందు ఇవ్వవచ్చునన్నది. మధుమేహం ఉన్నవారిలో ఆ సూదిమందు కొద్దిరోజులు రక్తంలో చక్కెరను పెంచుతుంది గనుక చూసుకోవాలి. నాకు ఆ అవసరం రాలేదు. నాలుగవ వారానికి రాత్రి మెలకువలు ఆగాయి.

ఆ ఆరువారాలలో చేయడానికి ఏమీ లేక చదువుకొన్నాను. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుడి గురించి అప్పుడే తెలిసింది. 1928లో పారిస్ శివార్లలో తన బండియింటికి నిప్పంటుకొన్నప్పుడు అతనికి పద్దెనిమిదేళ్ళు. ఎడమచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ కాలి ముడుచుకుపోయాయి. మిగిలిన రెండు వేళ్ళతో స్వరాలు పలికిస్తూ, పాడైన వేళ్ళను కార్డులకు మాత్రమే ఆసరాగా వాడుతూ, వాయించే పద్ధతినే మళ్ళీ మొదటినుంచి తయారుచేసుకొన్నాడు. అతని వాదనం విన్నాను. రెండు వేళ్ళని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. మరొకటి, 1995లో జర్మనీలో ఎల్బర్ట్ బృందం తొమ్మిదిమంది తంత్రీవాద్యకారుల మెదడులను పరిశీలించింది. వారిలో ఒకరు గిటారు వాయించేవారు. ఎడమచేతి వేళ్ళ స్పర్శకు మెదడులో కేటాయించిన ప్రాంతం వారిలో ఇతరులకంటే విస్తరించి ఉంది. కుడిచేతికి అటువంటి తేడా లేదు. చిన్నతనంలో మొదలుపెట్టినవారిలో ఆ విస్తరణ ఎక్కువ. ఆ చివరి వాక్యాన్ని నేను రెండుసార్లు చదివి, పత్రికను ప్రక్కన పెట్టాను.

ఇంకొక జ్ఞాపకం కూడా ఆ రోజులలోనే తిరిగి వచ్చింది. ఏజెన్సీ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేటప్పుడు ఒక వృద్ధురాలికి ఇన్సులిన్ సూది వేసుకోవడం నేర్పాను. అయిదుసార్లు చూపించాను. ఆరవసారి కూడా సిరంజిలోకి గాలి తీసింది. వరుసలో అరవైమంది ఉన్నారు. కసురుకొన్నాను. ఆమె మరి రాలేదు. కార్డు మార్చడం నాకు ఎన్నిసార్లు చూపించారో లెక్కపెడితే అయిదు కాదు, అయిదు వందలు దాటుతుంది.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పద్ధతి మారింది. ఎడమపాదం క్రింద చిన్న పీట వేసుకొని, గిటారును ఎడమతొడ మీద ఉంచి, మెడను ఏటవాలుగా పైకెత్తి పట్టుకొంటాను. శాస్త్రీయ గిటారు వాయించేవారు కూర్చొనే తీరు అది. మణికట్టు తిన్నగా ఉంటుంది. పదిహేను నిమిషాలు కాగానే గడియారం మోగుతుంది. మధ్యలో పాట ఉన్నా ఆపుతాను. నొప్పి వేరు, తిమ్మిరి వేరు. వేలికొన నొప్పికి భయపడనక్కరలేదు. తిమ్మిరి, మొద్దుబారడం, మోచేతి వరకు లాగడం వస్తే ఆ రోజుకు గిటారు సంచిలోకి వెళ్ళాలి. వారంలో తగ్గకపోతే వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి.

కార్డులు మార్చే రహస్యం కూడా ఈ రెండవ విడతలోనే తెలిసింది. వేళ్ళన్నీ ఎత్తి మళ్ళీ పెట్టడం కాదు. ఏ వేలు కదలనవసరం లేదో ముందు చూసుకోవాలి. ఏ మైనరు నుంచి సీ మేజరుకు వెళ్ళేటప్పుడు రెండు వేళ్ళు ఉన్నచోటనే ఉంటాయి. ఉంగరపు వేలు ఒక్కటే మూడవ తీగ వదలి అయిదవ తీగ మీదికి వెళుతుంది. మెట్రోనోమును నిమిషానికి అరవై దెబ్బలకు పెట్టుకొని, నాలుగు దెబ్బలకు ఒక మార్పు. తప్పు రాకుండా చేయగలిగినంత నెమ్మదిగా చేయాలి. వేగంగా తప్పు వాయిస్తే మెదడు ఆ తప్పునే శ్రద్ధగా నేర్చుకొంటుంది. రాత్రి రాని మార్పు కొన్నిసార్లు మరునాడు ఉదయం సునాయాసంగా వస్తుంది. నేర్చిన కదలికలను మెదడు నిద్రలో స్థిరపరచుకొంటుందని వైద్యశాస్త్రం చెబుతుంది. నా వయస్సులో అది నిద్ర పట్టిన రోజులకే వర్తిస్తుంది.

ఇప్పటికి రెండున్నరేళ్ళు. ఇళయరాజాగారి పాటలు రెండు వాయించగలను. ఆయన సంగీత దర్శకుడు కాకముందు వాద్యబృందాలలో గిటారు వాయించినవారే. సినిమా వాద్యబృందాలలో చేరతావా అని తమ్ముడిని ఎద్దేవా చేసిన రోజులలో ఆయన మద్రాసులో సరిగ్గా ఆ పనే చేస్తున్నారు.

ఎఫ్ అంటే ఏమిటో కూడా తెలిసింది. చూపుడు వేలిని మొదటి మెట్టు దగ్గర ఆరు తీగలకూ అడ్డంగా పరచి, మిగిలిన మూడు వేళ్ళతో మూడు తీగలు అదమాలి. కొత్తవారిలో చాలామంది ఇక్కడనే గిటారును అటక ఎక్కిస్తారు. వేలి మెత్తని భాగంతో కాక, బొటనవేలి వైపు ఉండే ఎముక ప్రక్కతో అదమాలి. బలాన్ని వేలి నుంచి కాక, చేతి బరువును వెనక్కు లాగి తెచ్చుకోవాలి. ఆరు తీగలూ వేలు ఒక్కటే అదమనక్కరలేదు. మిగిలిన వేళ్ళు అదిమే తీగల సంగతి అవే చూసుకొంటాయి. చూపుడు వేలు పలికించవలసినవి మూడే. ఇది తెలిసిన రోజున తమ్ముడి నోటుపుస్తకం తీసి చివరి పుట చూశాను. వాడు పలికాయన్న మూడు ఏవో రాయలేదు.

గత నెలలో మరదలు వచ్చి నాలుగు రోజులు మా ఇంట్లో ఉంది. గిటారు ఎక్కడుందని ఆమె అడగలేదు, నేనూ తీయలేదు. వెళ్ళిపోయే ముందురోజు సాయంత్రం, "నేనున్నానని మానేశారా బావగారూ?" అన్నది. పీట వేసుకొని కూర్చొన్నాను. ఎఫ్ ఉన్న పాట ఒకటి వాయించాను. ఆరింటిలో అయిదు పలికాయి. రెండవ తీగ బొంగురుపోయింది. ఆమె కళ్ళు మూసుకొని చివరివరకు విన్నది.

"బాగుంది. ఆయన మాత్రం ఇంతకంటే నెమ్మదిగా వాయించేవారు" అన్నది.

మెట్రోనోమును యాభైకి తగ్గించి మళ్ళీ మొదటినుంచి వాయించాను.